వెచ్చటి బీరువా

వెలగాలి కదా, వెలగకపోవడమేమిటి, నిప్పు ముట్టించాక కూడా ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉండడానికి ఇదేమైనా తడిసిన అగ్గిపుల్లా, అనుకుంటూ ఆమె కళ్లద్దాలు సర్దుకుని బల్ల మీదికి ఇంకాస్త వంగింది, బల్ల మీద బొటనవేలి గోరంత వెండిరంగు రేకు, దాని మూలన ఆవగింజంత నల్ల మచ్చ, బ్యాటరీ తీగ తాకించినప్పుడు చిటుక్కుమని మెరిసి అక్కడికక్కడే ఆగిపోయిన గుర్తు, మిగతా రేకంతా తనకేమీ పట్టనట్టు తళతళలాడుతూ పడుకుని ఉంది, ఇంత పొగరేమిటే నీకు, అని ఆమె దాన్ని పైకే అడిగింది, వస్తువుల్ని ఏమే ఒసే అని పలకరించడం ఆమెకి అమ్మ నుంచి వచ్చిన అలవాటు, అమ్మ కుట్టుమిషన్ని అలాగే తిట్టేది, దారం తెగినప్పుడల్లా నీ దుంప తెగ అని ముద్దుగా తిట్టి మళ్లీ ఎక్కించేది, సరే, అమ్మ సంగతి ఇప్పుడెందుకు, రేకు సంగతి చూడు, పేరుకి ఒక్క రేకే గానీ లోపల వందల పొరలు, ఒక పొర అల్యూమినియం, దాని మీద నికెల్, మళ్లీ అల్యూమినియం, మళ్లీ నికెల్, అన్నీ కలిపినా ఓ వెంట్రుక మందం ఉంటే గొప్ప, ఆ రెండు లోహాలకీ ఒకదాంతో ఒకటి కలిసిపోవాలని మహా ఆత్రం, కలిశాయంటే వేడి కక్కుతాయి, మూలన ఓ రవ్వ తగిలితే అక్కడి పొరలు ఒకదాంట్లోకి ఒకటి చొరబడతాయి, ఆ వేడికి పక్కవి కలుస్తాయి, వాటి వేడికి ఆ పక్కవి, కన్ను మూసి తెరిచేలోగా ఈ చివరి నుంచి ఆ చివరికి భగ్గున పాకిపోతుంది, కిందా పైనా ఉన్న టంకం కరిగి పింగాణీ బిళ్ల రాగి పలకకి అతుక్కుంటుంది, తన ఒంటికి వేడి తగిలిందన్న సంగతి బిళ్లకి తెలిసేలోపే అంతా చల్లారిపోతుంది, కొలిమిలో పెడితే పటుక్కున పగిలే బిళ్లలవి, వాటిని అతకడానికి ఈ ప్రయోగశాలలో ఉన్న ఒకే ఒక్క దారి ఈ రేకు, అదేమో ఇవాళ పొద్దున్నుంచీ మొండికేసింది, ఒక ముక్క అని కాదు, చుట్టలోంచి కోసిన ప్రతి ముక్కా ఇదే తంతు, వెనకాల నిలబడి చూస్తున్న పెద్దాయన, అంటే ఈ ప్రయోగశాలకి పెద్ద తలకాయ, ఇది కూడా తుస్సుమనడం చూసి, పారెయ్యమ్మా, ఇక దాన్ని బతిమాలి లాభం లేదు, రాయి అది, రాయిలో ఏముంటుంది, అని తేలిగ్గా అనేసి టీ ఊదుకున్నాడు.

రాయి అనే మాట ఈ నెల్లాళ్లలో ఎక్కడ విన్నా ఆమె చేతిలో పని ఆగిపోతుంది, అమ్మ పోయిన రోజు చిన్నది అన్న మాట అది, చిన్నది అంటే చెల్లెలు, వేరే ఊళ్లో ఉంటుంది, ఆ పొద్దున రైలు దిగి పరుగెత్తుకుంటూ వచ్చి, చేతిలో సంచి గుమ్మంలోనే పారేసి, అమ్మ మంచం మీద పడి అది ఏడ్చిన ఏడుపుకి పై అంతస్తు వాళ్లు కూడా కిందికి దిగొచ్చారు, గోడలు దద్దరిల్లాయంటే అబద్ధం కాదు, అంత ఏడుపు అంత చిన్న ఒంట్లో ఎక్కడ పట్టిందో, ఆ సమయంలో ఈమె ఏం చేస్తోందయ్యా అంటే దుప్పట్లు మడత పెడుతోంది, అవును, దుప్పట్లే, మడత పెడుతూ మనసులో అనుకున్నదేమిటంటే, పై ఇంట్లో పసిబిడ్డ ఉంది, ఈ కేకలకి ఉలిక్కిపడి లేస్తుందేమో అని, ఛీ, కన్నతల్లి పోయిన పూట ఎవరికైనా రావలసిన ఆలోచనేనా అది, అప్పుడే చిన్నది తల తిప్పి చూసింది, ముఖమంతా తడి, జుట్టంతా రేగిపోయి ఉంది, మామయ్య ముందూ ఇరుగుపొరుగు ముందూ అనేసింది, నువ్వసలు మనిషివేనా అక్కా, అమ్మ పోయింది, ఒక్క చుక్క, ఒక్కటంటే ఒక్క చుక్క రాలేదు నీ కళ్లలోంచి, రాయివి నువ్వు, బండరాయివి, అని, ఈమె చేతిలో దుప్పటి మడత పూర్తి చేసింది, నిజంగానే ఒక్క చుక్కా రాలేదు, ఆ రోజూ రాలేదు, ఆ మర్నాడూ రాలేదు, ఒక మధ్యాహ్నం తలుపేసుకుని, ఇవాళ ఏడవాల్సిందే అని మంచం మీద కూర్చుని మరీ ప్రయత్నించింది, తుమ్ము వచ్చినట్టే వచ్చి ఆగిపోతుందే అలా అయింది గానీ ఏడుపు రాలేదు, లేచి వెళ్లి అద్దంలో చూసుకుంటే పొడి కళ్లు, ఎవరివో అన్నట్టున్నాయి, అప్పటినుంచి ఒకటే దిగులు, అమ్మ మీద నాకు ప్రేమ లేదా, ఇన్నేళ్లు దగ్గరుండి చేసిందంతా ఒళ్లు వంచి చేసిన చాకిరీయేనా, కోటు జేబులో ఫోను బర్రుమంది, తీసి చూసింది, చిన్నదే, పొద్దున్నే మెసేజీ కూడా పెట్టింది, సాయంత్రం వచ్చి అమ్మ మిషను తీసుకెళ్తా, నీకెలాగూ అక్కర్లేదు కదా, ఆ తర్వాత మళ్లీ నీ గుమ్మం తొక్కను అని, అన్నంత పనీ చేసే రకమది, చిన్నప్పుడు ఓసారి అలిగి రెండు వారాలు ఈమెతో గోడ చూసి మాట్లాడింది, ఫోను మోగుతూనే ఉంది, తీస్తే ఏం చెప్పాలి, దాన్ని ఆపాలంటే ఒక్క మాట చెప్పగలగాలి, నేను రాయిని కానే అని, ఆ మాట మీద తనకే నమ్మకం లేనప్పుడు దానికి ఏ ముఖం పెట్టుకుని చెప్తుంది. ఫోను మోగి మోగి ఊరుకుంది.

సరుకే చచ్చు సరుకు, కంపెనీవాడు మనకి అంటగట్టాడు, అంటున్నాడు పెద్దాయన, వచ్చిన రోజు వెలిగింది సార్, మీ కనుబొమ్మలు కాలినంత పనయింది, మర్చిపోయారా, అంది ఆమె, ఆయన చెయ్యి దానంతటదే కనుబొమ్మ మీదికి వెళ్లింది, అవునవును, మరైతే ఈ మధ్యలో ఎప్పుడు చచ్చింది, ఎలా చచ్చింది, బిళ్లలు రేపు వెళ్లాలమ్మా, అవతలివాళ్లు నా ప్రాణం తోడేస్తున్నారు, చూస్తున్నా సార్, కాస్త ఊపిరి తీసుకోనివ్వండి, అని ఆమె రేకుని తూచింది, బరువు ఇసుమంత తగ్గలేదు, భూతద్దం కింద పెట్టి చూసింది, తుప్పు లేదు, మరక లేదు, ముడత లేదు, చూసినవాళ్లెవరైనా దీనికేం, నిక్షేపంలా ఉంది అంటారు, తననీ ఈ నెల్లాళ్లుగా అందరూ అలాగే అంటున్నారు, భలే నిలదొక్కుకున్నావు, గట్టిదానివి, మీ చెల్లెల్ని చూస్తేనే భయమేస్తోంది గానీ నీకేం ఫరవాలేదు, ఆ మాటలు పొగడ్తలో తిట్లో ఆమెకి అంతుబట్టడం లేదు, అప్పుడు గుర్తొచ్చింది సొరుగు, చుట్ట వచ్చిన రోజు అందులోంచి ఓ ముక్క కోసి, కవరులో వేసి, తన బల్ల కింది సొరుగులో పడేసింది, ఎందుకు దాచావంటే తనకే తెలియదు, మిగిలిన గుడ్డముక్కలు దాచే అమ్మ కూతురు కదా, అంతే, ఏసీ గాలి నేరుగా ఆ గోడనే కొడుతుంది, సొరుగు పిడి ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటాయి, లోపల పెన్నులు కూడా చల్లగా ఉంటాయి, కవరు తీసింది, చించింది, చిన్న ముక్క కత్తిరించి బల్ల మీద పెట్టింది, వెనక్కి జరగండి సార్ అంది, మరే, జరక్కపోతే పేలిపోతుంది పాపం, అని ఆయన వెటకారమాడుతుండగానే తీగ తాకించింది, భగ్గుమంది, ఒక్క తెల్లటి మెరుపు, గోడల మీద ఇద్దరి నీడలూ ఎగిరిపడ్డాయి, ఓరి నాయనో అని పెద్దాయన కప్పుతో సహా గెంతాడు, సగం టీ చొక్కా పాలైంది, ఆమెకి నవ్వాగలేదు, ఎన్నాళ్లకో నవ్వింది, బల్ల మీద ముక్క ఎర్రగా కణకణలాడి, చూస్తుండగానే బూడిదరంగుకి తిరిగి ముడుచుకుపోయింది, ఒకే చుట్టలోవి, ఒక తల్లి పిల్లల్లాంటి ముక్కలు, ఒకటేమో రవ్వ తగిలీ తగలగానే ఇల్లదిరేలా అంటుకుంది, ఇంకొకటి నోరు మెదపదు, ఒక తల్లి పిల్లలు అనుకోగానే ఆమె నవ్వు ఆగిపోయింది.

చొక్కా తుడుచుకుంటూ పెద్దాయన తన గదికి పోయాక ఆమె వేడి కొలిచే యంత్రం ముందు కూర్చుంది, ముందు వెలగని ముక్కని గోరంత గిన్నెలో పెట్టి, మూత వేసి, మీట నొక్కింది, దీని తర్వాత సొరుగు ముక్క వంతు, యంత్రానికి తొందరంటే తెలియదు, గిన్నెని నెమ్మదిగా, కాస్త కాస్తగా వెచ్చబరుస్తూ, లోపలి ముక్క ఎంత వేడి వదులుతోందో చూసి తెర మీద గీత గీసుకుంటూ పోతుంది, అది అయ్యేదాకా ఆమెకి ఊరికే కూర్చోవడమే పని, ఊరికే కూర్చుంటే చాలు అమ్మ చేతులు వస్తాయి, ముఖం కాదు, చేతులే, ఆ చేతులకి వీధి వీధంతా పేరుండేది, చొక్కాకి అమ్మ కుట్టిన కాజా చూసి ఇది మిషను కుట్టిందా మనిషి కుట్టిందా అని పందేలు వేసుకునేవారు, ఆ చేతులు బిగుసుకుపోవడం ఎప్పుడు మొదలైందంటే ఆమె ఠక్కున చెప్పగలదు, సూదిలో దారం ఎక్కని రోజు, అమ్మ దారం కొస నాలుక మీద తడిపి, నలిపి, మళ్లీ తడిపి పెడుతుంటే అది సూది పక్కనుంచి వెళ్లిపోతోంది, కళ్లు మసకలేస్తున్నట్టున్నాయే అంది అమ్మ, కళ్లు కాదు, వేళ్లు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, తెలిసీ ఈమె కళ్లద్దాలు మార్పిద్దాంలే అంది, తెలిసీ ఆవిడ సరే అంది, మర్నాటి నుంచి ఈమె పనికి బయల్దేరే ముందు బోలెడు సూదుల్లో తెల్లదారం నల్లదారం నీలందారం ఎక్కించి సూదుల దిండుకి గుచ్చి వెళ్లేది, మొదటి రోజు బస్సులో కళ్లు నీళ్లు కారాయి, కిటికీ తెరిచి ఉంది, దుమ్ము పడి ఉంటుంది, ఆ తర్వాత కత్తెర పోయింది, పోయిందంటే డబ్బాలోనే ఉంది, అమ్మ చేతిలోంచి పోయింది, ఆ తర్వాత గుండీలు, ఊరందరి చొక్కాలకీ గుండీలు కుట్టిన మనిషి తన గౌను గుండీ తను పెట్టుకోలేక, కాస్త ఇలా రావే, అని సిగ్గుపడుతూ పిలిచిన పొద్దున ఈమె గుండీ పెట్టి, ఏదో చెప్పి నవ్వించి, స్నానాల గదిలోకి వెళ్లి, కుళాయి బార్లా తిప్పి కాసేపు నిలబడింది, అది ఏడుపు కిందికి రాదు, జలుబు చేసే రోజులవి, ఆ తర్వాత చెంచా, సూపు గడ్డం మీదికి కారుతుంటే ఈమె తుడుస్తుంటే, ఊరుకోవే, చిన్నప్పుడు నువ్వు ఇంతకంటే ఎక్కువే పారబోశావు, అని అమ్మే ఈమెని ఓదార్చింది, ఊరుకోవే అందంటే, అప్పుడు తను, అబ్బే, అంతకుముందే ఉల్లిపాయలు తరిగింది, చేతులు కళ్లకి తగిలి ఉంటాయి, ఆ తర్వాత మాట, ఈమె పేరు సగం వచ్చి సగం గొంతులోనే ఉండిపోయిన రోజు, మిగతా సగం కోసం అమ్మ కళ్లతో వెతుక్కున్న రోజు, ఇలా ఒక్కొక్కటే ఒక్కొక్కటే పోతూ వచ్చి, చివరికి మనిషి పోయేనాటికి పోవడానికి మిగిలిందేమిటి, ఊపిరి ఒక్కటే కదా, ఇదంతా చిన్నదానికి తెలియదు, ఆదివారం ఆదివారం ఫోను చేసేది, అమ్మ ఎలా ఉందక్కా, బాగానే ఉందే, పడుకుంది, లేపమంటావా, వద్దులే లేపకు, మళ్లీ ఆదివారం, బాగానే ఉందే, దానికి చెప్పకే, గిలగిల్లాడిపోతుంది పిచ్చిది, అని అమ్మ మాటాడగలిగినన్నాళ్లూ చెప్తూనే ఉంది, అది చూడ్డానికి వచ్చిన రెండు మూడుసార్లూ ఇద్దరూ కూడబలుక్కుని, మంచి గౌను, దువ్విన జుట్టు, కిటికీ పక్కన కుర్చీ, చేతుల వణుకు కనబడకుండా ఒళ్లో దుప్పటి, కొంచెం నీరసంగా ఉంది అంతేనే అని ఈమె అంటే అమ్మ తలూపేది, అది సంతోషంగా రైలెక్కేది, దూరాన ఉన్నదాన్ని ఏడిపించి ఏం లాభం. తెర మీద గీత ఇంకా చదునుగానే పాకుతోంది.

ఇలా కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని ఆమె లేచి స్టోరుకి నడిచింది, చుట్ట ఇన్నాళ్లూ ఎక్కడుందో ముందు అదైనా తేలాలి, స్టోరు పిన్ని అందరికీ పిన్నే, పెద్దాయనకి కూడా, ఈ భవనానికి పునాది తవ్వినప్పటినుంచీ ఇక్కడే ఉన్నానని చెప్పుకుంటుంది, అప్పటికి ఆవిడ పుట్టిందా అని లెక్కలు అడిగేవాళ్లకి మాత్రం ఓ వారం దాకా చేతితొడుగులు దొరకవు, పిన్నీ, వానలు మొదలైనప్పుడు ఓ రేకు చుట్ట నీకిచ్చాను చూడు, అదెక్కడ పెట్టావు, ఎక్కడేమిటే, వెచ్చటి బీరువాలో, అంది పిన్ని, అదేదో బిరుదు చెప్పుకున్నట్టు, వెల్డింగు కడ్డీలకి చెమ్మ తగిలితే అతుకు నిలవదని వాటిని దాచడానికి స్టోరు మూల ఓ ఇనప బీరువా ఉంది, లోపల పగలూ రాత్రీ వేడి ఆరదు, చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, ఆ వానలకి గోడలన్నీ చెమర్చాయి కదే తల్లీ, నీ రేకేమో కాగితంలా ఉంది, ప్రాణంలా చూసుకోవాలి పిన్నీ అని మరీ ఇచ్చావు, చెమ్మ తగిలితే చచ్చిపోతుందేమోనని కడ్డీల పై అరలో పెట్టా, నా కడుపున పుట్టినదాన్ని చూసినట్టు రోజూ తలుపు తీసి చూసుకున్నా, మొన్న నువ్వడిగేదాకా దాన్ని కదపనైనా కదపలేదు, అని పిన్ని చెప్పుకుపోతుంటే ఆమె బీరువా తలుపు మీద అరచెయ్యి ఆనించింది, వెచ్చగా ఉంది, హాయిగా కూడా ఉంది, అయిపోయింది, అర్థమైపోయింది, వెలిగించేంత వేడి కాదిది, రవ్వ కాదు, మంట కాదు, కానీ రోజూ, పూటపూటా, ఆరకుండా, ఈ వెచ్చదనంలో పొరలు కొద్దికొద్దిగా ఒకదాంట్లోకి ఒకటి జారుకుంటూ, కలిసినంత మేర వేడి వదులుకుంటూ వచ్చి ఉంటాయి, ఎవరికీ తెలియకుండా, చివరికి రవ్వ తగిలేనాటికి కలవడానికి మిగిలింది అంతంత మాత్రం, ఒళ్లు మండాల్సిన మాట, రేపు బిళ్లలు వెళ్లకపోతే తిట్లు తినేది తనే, కానీ మండలేదు, తప్పు చేశానేమిటే, అలా నిలబడిపోయావు, అంది పిన్ని గొంతు తగ్గించి, లేదు పిన్నీ, జాగ్రత్తే చేశావు, ఆ రేకుకి చెమ్మ కాదు, వెచ్చదనం పడదు, అది నీకెవరు చెప్పారు గనక, అంది ఆమె, పిన్ని ముఖం చిన్నబుచ్చుకుంది, అయ్యో, వెచ్చదనం పడని వస్తువు కూడా ఉంటుందా తల్లీ, నువ్వు కూడా ఆ రోజు వెచ్చగా ఉంటుందనేగా ఈ బీరువా వెనక్కి వచ్చి నిలబడ్డావు, ఏ రోజు పిన్నీ, అదేనే, మీ అమ్మకి మాట పడిపోయిందన్న వారం, తొడుగులు కావాలని వచ్చి బీరువా వెనక నిలబడి ఏడ్చేశావు కదా, చలేస్తోంది పిన్నీ, ముక్కు కారుతోంది అన్నావు, నేను నమ్మినట్టే తలూపి తొడుగులు వెతుకుతూ కూర్చున్నా, దొరికాక కూడా ఇంకా దొరకలేదన్నట్టు వెతికా, నువ్వు ముఖం తుడుచుకునేదాకా, నేనా, ఏడ్చానా, అంది ఆమె తెల్లబోయి, నువ్వు కాక ఇంకెవరే, ఆ ఒక్కసారేనా, అంతకుముందు గుండీల గొడవప్పుడూ అంతేగా, నీ ముక్కు ఎర్రగా ఉన్న రోజుల్ని లెక్కపెడితే నాకు వేళ్లు చాలవు, అంది పిన్ని.

యంత్రం దగ్గరికి తిరిగొచ్చేసరికి వెలగని ముక్క పరీక్ష అయిపోయింది, తెర మీద గీత చూసింది, ముక్క వేడి వదిలిన చోటల్లా గీత గుట్టలా లేవాలి, రావలసిన మొదటి గుట్ట లేనే లేదు, రెండోది ఉందా అంటే ఉంది, చిన్న పిల్లలు ఇసకలో చేసినంత, గిన్నె మార్చి సొరుగు ముక్క పెట్టింది, భోజనాల గంట కొట్టారు, వెళ్లలేదు, పెద్దాయన తొంగిచూసి తినవా అంటే తింటా సార్ అంది, కదల్లేదు, గీత పాకింది, పాకింది, పైకి లేచింది, మొదటి గుట్ట, దిగింది, మళ్లీ లేచింది, ఈసారి కొండే, అంతా అయ్యాక గిన్నె చల్లబడనిచ్చి చిమటాతో మూత తీసింది, లోపల ముక్క కాలి ముడుచుకుపోయి ఉంటుందని చెయ్యి అనుకుంది, బుర్రకి తెలుసు ఉండదని, లేదు, ముక్క ముక్కలాగే చదునుగా పడుకుని ఉంది, కాస్త మెరుపు తగ్గింది, అంతే, పొద్దున బల్ల మీద పెద్దాయన్ని గెంతించినది దీని తోబుట్టువే, ఇప్పుడు ఇదే యంత్రంలో ఒక్క మెరుపు లేకుండా, చిటుక్కుమన్న చప్పుడైనా లేకుండా, ఆ వేడంతా పిసరు తేడా లేకుండా ఇచ్చేసింది, ఇది ఆమెకి తెలియని సంగతేం కాదు, కొత్తగా చేరినవాళ్లకి ఈ పాఠం చెప్పేదే ఆమె, చురుక్కున ఒక్కసారి వేడి తగిలితే పుట్టిన వేడి బయటికి పోయే తీరిక లేక భగ్గుమంటుంది, నెమ్మదిగా వెచ్చబెడితే పుట్టిన వేడి పుట్టినట్టే చుట్టూ సర్దుకుపోతుంది, వెలగలేదు కాబట్టి ఏమీ లేదనుకోకండర్రా, అని పక్కనే నిలబడి ఎన్నిసార్లు చెప్పిందో, చెప్పిన నోరు ఇదే, విన్న చెవులు ఇవి కావు కాబోలు, దుమ్ము అనుకుంది, జలుబు అనుకుంది, ఉల్లిపాయ అనుకుంది, సూదులు గుచ్చిన పొద్దున బస్సు కిటికీ, గుండీ పెట్టిన పొద్దున కుళాయి, సూపు తుడిచిన పూట, పేరు సగమే వచ్చిన రోజు ఈ కోటు చేతితో తుడుచుకున్న ముక్కు, అమ్మ ఒక్క రోజున పోలేదు, వేలు వేలుగా పోయింది, పోయినప్పుడల్లా ఈమె ఏడ్చింది, ఏడ్చి ముఖం కడుక్కుని వంటింట్లోకి వెళ్లింది, ఆ చివరి పొద్దున దుప్పటి మడత పెడుతున్న చేతుల్లో ఏమీ మిగల్లేదంటే, లేక కాదు, ఇచ్చేసి, ఎవరూ చూడని చోట ఎప్పుడో ఇచ్చేసి, తెర మీద కొండ అలుక్కుపోయి రెండు కొండలైంది, చెంప మీద వెచ్చగా జారుతున్నదాన్ని ఈసారి ఆమె జలుబు అనుకోలేదు.

జేబులో ఫోను మళ్లీ బర్రుమంది, చిన్నదే, ఇప్పుడు తీస్తా, ఇప్పుడు చెప్తా దాని సంగతి, అనుకుంది ఆమె ముక్కు చీదుకుంటూ, ఒంట్లోకి ఎక్కడలేని ఊపూ వచ్చింది, నెల్లాళ్లుగా మోసిన నింద, నలుగురిలో తల కొట్టేసినట్టు నిలబెట్టింది, రాయిట, బండరాయిట, నువ్వు ఒక్క పొద్దున ఏడ్చావే, నేను నాలుగేళ్లు ఏడ్చాను, కావాలంటే పిన్నిని అడుగు, బస్సు కండక్టర్ని అడుగు, అని కడిగి పారెయ్యాలి దాన్ని, బొటనవేలు ఫోను మీదికి వెళ్లింది, కళ్లు బల్ల మీదికి వెళ్లాయి, అక్కడ చిరిగిన కవరు, పక్కన పొద్దున భగ్గుమన్న ముక్క, బూడిదరంగులో, ముడుచుకుని, పాపం ఎంత ముడుచుకుందో, ఇన్నాళ్లూ చలిసొరుగులో కదలకుండా, తను పుట్టిన చుట్టకి ఏమవుతోందో తెలియకుండా, ఉన్న వేడంతా ఉన్నట్టే పట్టుకుని కూర్చుని, ఒక్క రవ్వకి ఒక్కసారిగా ఇల్లదిరేలా, ఆమె వేలు ఆగిపోయింది, దాన్ని ఆ సొరుగులో పెట్టిందెవరు, తనే, చేతులారా తనే పెట్టింది, బాగానే ఉందే, పడుకుంది, లేపమంటావా, ప్రతి ఆదివారం, సూది పోయిన వారమూ బాగానే ఉందే, గుండీలు పోయిన వారమూ బాగానే ఉందే, మాట పోయాక కూడా గొంతు నొప్పి అంతేనే, బాగానే ఉంది, అమ్మ చెప్పకే అంటే తను చెప్పలేదు, మంచే అనుకుంది, పిన్ని కూడా మంచే అనుకుంది, అక్కడ వేలు వేలుగా పోతున్న మనిషి చిన్నదానికి మాత్రం కిటికీ పక్కన మంచి గౌనులో నిండుగా కూర్చుని ఉంది, అలాంటి అమ్మ, పది వేళ్లూ నోట్లో మాటా అన్నీ ఉన్న అమ్మ, ఒక్క పొద్దున్నే మొత్తంగా పోయింది దానికి, మరి అది ఏడవదూ, గోడలు దద్దరిల్లవూ, అక్కని నాలుగు మాటలు అనదూ, అనడానికి ఇంకెవరున్నారు, ఫోను ఇంకా మోగుతోంది, ఆగిపోతుందేమోనని చప్పున తీసింది, ఎన్నిసార్లు చెయ్యాలక్కా, బండివాడు నాలుగింటికి వస్తానన్నాడు, మిషను సర్ది ఉంచావా లేదా, చిన్నదాని గొంతు కరుగ్గా ఉంది, ఆ కరుకు కింద అమ్మ పోయిన పొద్దుటి ఏడుపు జీర ఉంది, సర్దలేదు, అంది ఆమె, సర్దలేదా, ఎందుకని, బండి వద్దని చెప్పు, నువ్వు రా, నాలుగు రోజులు ఉండేలా రా, నీకు చెప్పాల్సినవి బోలెడున్నాయి, ఫోనులో ఒకటి చెప్తాను, మిగతావి వచ్చాక చెప్తాను, ఏంటక్కా, ఏడుస్తున్నావా, అంది చిన్నది, కరుకంతా ఎటో పోయి, చిన్నప్పుడు చీకట్లో పక్క దిండు మీంచి అడిగే గొంతుతో, ఆ ఏడుస్తున్నా, విను, ఇది నీక్కూడా రావలసిందే, నేనే అడ్డుపడి అన్నీ నా దగ్గరే ఉంచేసుకున్నా, అని ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది, చల్లటి గోడకి దూరంగా కుర్చీ లాక్కుని కూర్చుంది, తన ఏడుపులు తను ఎప్పుడో ఏడ్చేసింది, ఈ చెల్లెలికి మాత్రం ఒక్కొక్కటిగా ఏడవాల్సిన అమ్మ ఇంకా మొత్తం మిగిలే ఉంది, అందుకని మొదటినుంచీ, నెమ్మదిగా మొదలుపెట్టింది, ఒకరోజు పొద్దున అమ్మ సూదిలో దారం ఎక్కిస్తోందే, అది ఎక్కలేదు.